రాత్రి బడిని నిలబెట్టిన రాష్ట్రపతి: డాక్టర్ జాకిర్ హుస్సేన్

డాక్టర్ జాకిర్ హుస్సేన్ పేరు చెప్పగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది రాష్ట్రపతి పదవే. దేశానికి మూడో రాష్ట్రపతి, ఆ పీఠం మీద కూర్చున్న మొదటి ముస్లిం. పిల్లల జనరల్ నాలెడ్జ్ పుస్తకాల్లో అంతే ఉంటుంది. కానీ ఆ పదవి ఆయన జీవితంలో ఆఖరి రెండేళ్లు మాత్రమే. అంతకు ముందు 22 ఏళ్లు ఆయన ఒక పేద విద్యాసంస్థని చేతుల మీద మోశారు. ఆ సంస్థలో పగలు పిల్లలు చదువుకునేవారు. పొద్దుపోయాక పెద్దవాళ్లు వచ్చి అక్షరాలు దిద్దేవారు. జీతాలు ఇవ్వడానికి డబ్బు లేని రోజుల్లో కూడా ఆ రాత్రి బడి మూతపడలేదు. ఎందుకు మూతపడలేదో తెలుసుకుంటే మన ఊళ్లకి ఈరోజు పనికొచ్చే సంగతి ఒకటి దొరుకుతుంది.

మన ఊళ్లు అంటే ఇక్కడివే. భోగాపురం పేరు విమానాశ్రయంతో దేశమంతటికీ తెలిసింది. భూముల కాగితాలు, బ్యాంకు ఖాతాలు, ఉద్యోగాల దరఖాస్తులు అన్నీ ఒక్కసారిగా జనం చేతుల్లోకి వచ్చాయి. ఇంకోపక్క 2011 జనాభా లెక్కల్లో విజయనగరం జిల్లా అక్షరాస్యత సుమారు 59 శాతమే. ఆడవాళ్లలో అయితే దాదాపు సగం మందికి చదవడం రాదు. కాగితం వచ్చింది, చదివే కళ్లు రాలేదు. ఏం రాసుందో తెలియకుండా వేలిముద్ర వేసే పెద్దవాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నారు. వాళ్ల గురించి ఆలోచించిన పెద్దమనిషి కథ ఇది.

బేగంబజార్‌లో పుట్టిన పిల్లాడు

జాకిర్ హుస్సేన్ 1897 ఫిబ్రవరి 8న హైదరాబాద్‌లో పుట్టారు. వాళ్ల పూర్వీకులది ఉత్తరప్రదేశ్‌లోని ఖాయంగంజ్. పఠాన్ల కుటుంబం. తండ్రి ఫిదా హుస్సేన్ ఖాన్ వకీలు. నిజాం రాజ్యంలో ప్రాక్టీసు బాగుంటుందని హైదరాబాద్ వచ్చి, బేగంబజార్‌లో ఇల్లు కట్టుకుని స్థిరపడ్డారు. ఏడుగురు కొడుకుల్లో జాకిర్ మూడోవాడు. బాల్యం అంతా తెలుగు, ఉర్దూ కలిసి వినపడే ఆ హైదరాబాద్ వీధుల్లోనే గడిచింది.

1907లో తండ్రి క్షయవ్యాధితో పోయారు. తల్లి నాజ్నీన్ బేగం పిల్లల్ని తీసుకుని ఖాయంగంజ్ వెళ్లిపోయారు. జాకిర్‌ని ఇటావాలోని ఇస్లామియా హైస్కూల్లో వేశారు. పిల్లాడు హాస్టల్లో ఉండగానే 1911లో ఊళ్లో ప్లేగు వచ్చి తల్లిని కూడా తీసుకుపోయింది. పద్నాలుగేళ్లకే అమ్మానాన్నా ఇద్దరూ లేని పిల్లాడయ్యాడు. చదువు ఒక్కటే చేతిలో మిగిలింది.

తర్వాత అలీగఢ్‌లోని ఎం.ఏ.ఓ. కాలేజీ. మొదట డాక్టరు కావాలనుకుని లక్నో వెళ్లినా ఆరోగ్యం బాగోక ఆ చదువు మానేశారు. అలీగఢ్‌కే తిరిగొచ్చి బీఏ పూర్తిచేసి, ఆ పైన ఎంఏ, లా చదువుతూ అక్కడే పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. దారి సాఫీగా ఉంది. మంచి ఉద్యోగం, గౌరవం, అన్నీ వచ్చేవి.

గుడారాల్లో మొదలైన జామియా

1920 అక్టోబరులో గాంధీజీ, అలీ సోదరులు అలీగఢ్ వచ్చారు. సర్కారు డబ్బుతో నడిచే చదువుని వదిలిపెట్టమని విద్యార్థుల్ని అడిగారు. జాకిర్ హుస్సేన్ అప్పటికి 23 ఏళ్ల కుర్రాడు. కాలేజీ వదిలేసిన వాళ్లలో ఆయన ముందున్నారు. అయితే వదిలేసి ఊరుకుంటే చాలదు, దానికి బదులు మన సొంత విద్యాలయం కావాలి అని పెద్దల దగ్గరికి వెళ్లి పట్టుబట్టిన వాళ్లలోనూ ఆయన ఉన్నారు. అలా 1920 అక్టోబరు 29న జామియా మిల్లియా ఇస్లామియా పుట్టింది. దేవ్‌బంద్ పెద్ద మౌలానా మహమూద్ హసన్ చేతుల మీదుగా ఆరంభం జరిగింది. హకీం అజ్మల్ ఖాన్ ఛాన్సలర్ అయ్యారు, మౌలానా మహమ్మద్ అలీ జౌహర్ మొదటి వైస్ ఛాన్సలర్. భవనాలు లేవు. అలీగఢ్‌లో గుడారాలు, అద్దె ఇళ్లే తరగతి గదులు.

1922లో జాకిర్ హుస్సేన్ పై చదువుకి జర్మనీ వెళ్లారు. బెర్లిన్‌లో ఆర్థికశాస్త్రంలో డాక్టరేట్ చేశారు. ఆ రోజుల్లోనే అక్కడి కావియానీ ప్రెస్‌లో గాలిబ్ దీవాన్‌ని ముచ్చటగా చిన్న సైజులో అచ్చు వేయించారు. ప్రెస్‌లో అక్షరాలు పేర్చడానికి తనే చెయ్యి కలిపారు. చేత్తో చేసే పని అంటే ఆయనకి చిన్నచూపు లేదు. ఇది తర్వాత ఆయన విద్యా ఆలోచనలో పెద్ద భాగం అయింది.

ఇక్కడ దేశంలో జామియా పరిస్థితి చెడిపోయింది. 1924లో ఖిలాఫత్ ముగిసిపోయింది. ఖిలాఫత్ కమిటీ నుంచి వచ్చే డబ్బు ఆగిపోయింది. మూసేద్దామన్న మాట వచ్చింది. 1925లో సంస్థని అలీగఢ్ నుంచి ఢిల్లీ కరోల్‌బాగ్‌కి మార్చారు. ఈ కబురు జర్మనీకి చేరింది. జాకిర్ హుస్సేన్, ఆయన మిత్రులు ఆబిద్ హుస్సేన్, మహమ్మద్ ముజీబ్ ముగ్గురూ కలిసి, మేము వచ్చి పనిచేస్తాం, అప్పటిదాకా మూయొద్దు అని కబురు పెట్టారు. 1926లో ముగ్గురూ వచ్చేశారు. 29 ఏళ్ల జాకిర్ హుస్సేన్ షేఖుల్ జామియా, అంటే వైస్ ఛాన్సలర్ అయ్యారు.

పేరు పెద్దదే కానీ జీతం నెలకి వంద రూపాయల లోపే. అది కూడా చాలా నెలలు అందేది కాదు. బెర్లిన్ డాక్టరేట్ ఉన్న మనిషి ఇంట్లో కిరాణా బాకీ పేరుకుపోయేది. 1927 చివర్లో హకీం అజ్మల్ ఖాన్ చనిపోవడంతో ఉన్న ఒక్క పెద్ద అండ కూడా పోయింది. 1928లో జాకిర్ హుస్సేన్, ఆయన తోటి అధ్యాపకులు కలిసి ఒక సంఘంగా ఏర్పడి ప్రమాణం చేశారు. ఇరవై ఏళ్లు జామియాని వదలం, నెలకి 150 రూపాయలకి మించి తీసుకోం అని. ఆ మాట నిలబెట్టుకున్నారు. నిజానికి 150 దాకా వెళ్లే అవకాశమే వాళ్లలో చాలామందికి రాలేదు.

హమ్‌దర్దులు: చిన్న చందాల పెద్ద బలం

అసలు విషయం ఇక్కడుంది. ఒక్క నవాబు దగ్గరికో, ఒక్క సేఠ్ దగ్గరికో వెళ్లి పెద్ద మొత్తం అడగడం సులువు. కానీ ఆ ఒక్కడూ చనిపోతే, లేదా మనసు మార్చుకుంటే సంస్థ పోతుంది. అజ్మల్ ఖాన్ సాహెబ్ పోయినప్పుడు జామియా వాళ్లు దీన్ని కళ్లారా చూశారు. అందుకని హమ్‌దర్దానె జామియా అనే ఏర్పాటు చేశారు. జామియా మేలు కోరేవాళ్ల సంఘం అన్నమాట. ఊరూరా తిరిగి సభ్యుల్ని చేర్చారు. ఒక్కొక్కరు తమకి తోచిన చిన్న మొత్తం క్రమంగా పంపాలి. ఉద్యోగులు, దుకాణదారులు, బడిపంతుళ్లు ఇలా వేలమంది చేరారు. దీనికి నడుం కట్టినవారు షఫీఖుర్రహ్మాన్ కిద్వాయీ. జాకిర్ హుస్సేన్‌కి కుడిభుజం లాంటి మనిషి.

దీనివల్ల రెండు లాభాలు కలిగాయి. ఒకటి, డబ్బు కొద్దికొద్దిగా అయినా ఆగకుండా వచ్చింది. రెండోది అంతకన్నా గొప్పది. చందా ఇచ్చినవాడికి ఆ బడి తనది అనిపించింది. తన పిల్లాణ్ణి పంపాడు, పక్కింటివాణ్ణి తీసుకొచ్చాడు. సదఖా ఇచ్చి మర్చిపోయే మనిషి వేరు, నెలనెలా ఎలా నడుస్తోందని అడిగే మనిషి వేరు. జాకిర్ హుస్సేన్‌కి ఈ రెండో రకం మనుషులు కావాలి.

పెద్దల బడి

జామియా తొలి రోజుల నుంచే సాయంత్రం పూట పెద్దవాళ్లకి తరగతులు ఉండేవి. పగలంతా పనిచేసుకునే వాళ్లు రాత్రి వచ్చి నేర్చుకునేవారు. జాకిర్ హుస్సేన్ వచ్చాక దానికి ఊపు వచ్చింది. యూనివర్సిటీ పెద్దకి ఈ పని ఎందుకు అని అడిగేవాళ్లు ఉంటారు కదా. ఆయన ఆలోచన వేరు. బడిలో పిల్లాడు నేర్చుకున్నది ఇంటికెళ్లాక నిలవాలంటే ఇంట్లో పెద్దవాళ్లకి చదువు విలువ తెలియాలి. పిల్లాడి చదువు, పెద్దవాడి చదువు రెండు వేర్వేరు పనులు కావు.

1938 అక్టోబరులో ఈ పనికి విడిగా ఒక విభాగం పెట్టారు. పేరు ఇదారె తాలీమో తరఖ్ఖీ. చదువు, ప్రగతి అని అర్థం. దాని బాధ్యత షఫీఖుర్రహ్మాన్ కిద్వాయీకే ఇచ్చారు. చందాదారుల్ని ఊరూరా తిరిగి కలిసిన మనిషికి జనం నాడి తెలుసు. ఆయన చూసింది ఏమిటంటే, పెద్దవాడికి పిల్లల వాచకం ఇస్తే నాలుగు రోజుల్లో మానేస్తాడు. బొమ్మల పాఠం చదవడానికి నామోషీ పడతాడు. అందుకని పెద్దవాళ్ల బతుకులో ఉండే విషయాలతో, వాళ్లు మాట్లాడే సులువైన ఉర్దూలో చిన్న చిన్న పుస్తకాలు తయారుచేశారు. ఆరోగ్యం, ఇల్లు, దీన్, లెక్కలు, దేశం సంగతులు. చదవడం వచ్చాక చదవడానికి ఏమీ లేకపోతే వచ్చిన అక్షరాలు కూడా పోతాయని వాళ్లకి తెలుసు. ఢిల్లీ మహల్లాల్లో తాలీమీ కేంద్రాలు తెరిచారు. అక్కడ పాఠంతో పాటు కబుర్లు, వార్తలు, ఉపన్యాసాలు ఉండేవి. పెద్దమనుషులకి అది బడిలా కాకుండా పదిమంది కూర్చునే చోటులా అనిపించాలన్నది ఉద్దేశం.

దీనికి ఒక ఏడాది ముందు, 1937 అక్టోబరులో వార్ధాలో గాంధీజీ విద్యా సభ పెట్టారు. చేతిపని ద్వారా చదువు చెప్పాలనే నయీ తాలీం పథకం అక్కడే రూపు కట్టింది. దాని వివరాలు రాసే కమిటీకి అధ్యక్షుడు జాకిర్ హుస్సేనే. బెర్లిన్‌లో చేత్తో అక్షరాలు పేర్చిన మనిషికి ఆ పని తగినదే.

మనిషిగా

ఆయన గురించి జామియా వాళ్లు చెప్పుకునే సంగతులు చాలా ఉన్నాయి. బూట్లు మురికిగా వేసుకొచ్చే విద్యార్థుల్ని ఎన్నిసార్లు హెచ్చరించినా మారకపోతే, ఒకరోజు పాలిష్ డబ్బా, బ్రష్ పట్టుకుని గేటు దగ్గర కూర్చున్నారట. వచ్చిన ప్రతి పిల్లాడి బూట్లూ తానే తుడుస్తానన్నారట. ఆ తర్వాత ఎవరూ మురికి బూట్లతో రాలేదు.

ఇంకొకటి చెబితే గుండె బరువెక్కుతుంది. చిన్నపిల్లల బడిలో మిఠాయి పంచుతుండగా ఆయన చిన్న కూతురు రెహానా చనిపోయిందని మనిషి వచ్చి చెవిలో చెప్పాడు. ఆయన ముఖం మారింది కానీ చెయ్యి ఆగలేదు. పిల్లలందరికీ పంచడం అయ్యాకే ఇంటికి వెళ్లారు. ఎందుకని తర్వాత అడిగితే, పిల్లల సంతోషం చెడగొట్టడం ఇష్టంలేకపోయిందన్నారని చెబుతారు. తర్వాత పిల్లల కథలు రాసినప్పుడు రుఖయ్యా రెహానా అని ఆ కూతురి పేరుతోనే రాశారు. అబ్బూఖాన్ మేక కథ ఉర్దూ ఇళ్లలో ఇప్పటికీ పిల్లలకి చెబుతారు.

1947 మంటల్లో

1946 నవంబరులో జామియా రజతోత్సవం జరిగింది. దేశం చీలిపోయే ముందు రోజులవి. అలాంటి సమయంలో నెహ్రూ, ఆజాద్ ఒకవైపు, జిన్నా, లియాఖత్ అలీ ఒకవైపు ఒకే వేదిక మీద కూర్చున్నారు. రాజకీయం విడదీసిన వాళ్లని ఒక బడి కాసేపైనా కలిపి కూర్చోబెట్టింది.

మరుసటి ఏడాది ఆగస్టులో జాకిర్ హుస్సేన్ రైల్లో కాశ్మీర్‌కి బయలుదేరారు. జలంధర్ స్టేషన్లో అల్లరి మూక పట్టుకుంది. ప్రాణం పోయేదే. ఒక సిక్కు సైనికాధికారి, ఒక హిందూ రైల్వే ఉద్యోగి అడ్డుపడి కాపాడారు. ఢిల్లీలో కరోల్‌బాగ్‌లోని జామియా పుస్తకాల దుకాణం మక్తబాని దోచుకుని తగలబెట్టారు. ఏళ్ల తరబడి పోగుచేసిన పుస్తకాలు బూడిదయ్యాయి. అయినా జామియా వాళ్లు ఊరు వదల్లేదు. అల్లర్లు చల్లారాక ఢిల్లీ మహల్లాల్లో మళ్లీ బడులు తెరిచారు. షఫీఖుర్రహ్మాన్ కిద్వాయీ 1952లో ఢిల్లీ రాష్ట్ర విద్యామంత్రి అయ్యారు. కానీ ఆ మరుసటి ఏడాదే కన్నుమూశారు.

1948లో జాకిర్ హుస్సేన్‌ని అలీగఢ్ యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్‌గా పంపారు. దేశ విభజనతో బెదిరిపోయిన ఆ సంస్థని ఎనిమిదేళ్లు నిలబెట్టారు. 1957 నుంచి 1962 దాకా బీహార్ గవర్నర్, ఆపైన ఉపరాష్ట్రపతి, 1963లో భారతరత్న. 1967 రాష్ట్రపతి ఎన్నికల్లో ఆయనకి పోటీగా నిలబడింది మన రాజమండ్రి వైపు మనిషి, సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా చేసిన కోకా సుబ్బారావు. గెలిచిన జాకిర్ హుస్సేన్‌కి ఉపరాష్ట్రపతి కూడా మన పక్కనున్న బరంపురంలో పుట్టిన తెలుగువాడే, వి.వి. గిరి. 1969 మే 3న పదవిలో ఉండగానే జాకిర్ సాహెబ్ ఇంతెకాల్ అయ్యారు. పదవిలో ఉండగా చనిపోయిన మొదటి రాష్ట్రపతి ఆయనే. తాను మోసిన జామియా ఆవరణలోనే ఆయన్ని ఖననం చేశారు.

మన దగ్గర ఏం చెయ్యొచ్చు

జామియా అనుభవం భోగాపురానికి ఎలా పనికొస్తుందని అడగొచ్చు. హమ్‌దర్దానె జామియా చేసిన పని ఏమిటి? చదువు చెప్పేవాళ్లని, చదువుకి అండగా ఉండాలనుకునే పౌరుల్ని ఒక తాడుతో కట్టడం. ఆ పౌరులు ఈరోజు లయన్స్ క్లబ్, రోటరీ క్లబ్ లాంటి సేవా సంఘాల్లో ఉన్నారు. మసీదు కమిటీల్లో, డ్వాక్రా గ్రూపుల్లో ఉన్నారు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు, అంతే తేడా.

చూపు సంగతే తీసుకోండి. నలభై దాటినవాళ్లు వయోజన తరగతి మానేయడానికి ఒక కారణం దగ్గరి చూపు మసకబారడం. అక్షరం కనపడదు, తనకి బుర్ర లేదనుకుని మానేస్తారు. లయన్స్ క్లబ్బులు 1925లో హెలెన్ కెల్లర్ పిలుపు తర్వాత కంటి సేవని తమ ముఖ్యమైన పనిగా పెట్టుకున్నాయి. తరగతి మొదలయ్యే వారమే వాళ్లని పిలిచి కళ్లు చూపించి అద్దాలు ఇప్పిస్తే సగం పని అయిపోతుంది. రోటరీ వాళ్లు అక్షరాస్యతని తమ సేవా రంగాల్లో ఒకటిగా పెట్టుకున్నారు. పలకలు, పుస్తకాలు, లైట్లు, కుర్చీలు వాళ్లని అడగొచ్చు. 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఉల్లాస్ కార్యక్రమం 15 ఏళ్లు దాటినవాళ్లకి వాలంటీర్ల ద్వారానే చదువు చెప్పిస్తుంది, పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇస్తుంది. వాలంటీర్లుగా మన డిగ్రీ పిల్లలు ఉన్నారు. చోటు కావాలంటే మసీదు పక్క గదో, మదర్సా హాలో, షాదీఖానావో ఉంటుంది. ఆడవాళ్లకి పనులు తీరే మధ్యాహ్నం వేళ, మగవాళ్లకి ఇషా తర్వాత పెట్టుకోవచ్చు.

భాష సంగతి కూడా ఆలోచించాలి. మన ఇళ్లలో చాలామంది అమ్మీలు, నానీలు ఖుర్ఆన్ చక్కగా చదువుతారు. కానీ తెలుగులో ఉన్న బ్యాంకు కాగితం చదవలేరు. వాళ్లని చదువురానివాళ్లు అనడం తప్పు. ఒక లిపి వచ్చినవాళ్లకి అక్షరానికి శబ్దానికి ఉన్న ముడి తెలుసు. ఇంట్లో మాట్లాడే మాటలతోనే రెండో లిపి నేర్పితే త్వరగా పట్టుకుంటారు. మన పొరుగున పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు గారు సవరలకి సవర భాషలోనే పాఠాలు తయారుచేసింది ఈ కారణంతోనే. నేర్చుకునేవాడి నోట్లో ఉన్న భాష నుంచే చదువు మొదలవ్వాలి.

పెద్దవాళ్లకి నాలుగు అక్షరాలు వస్తే ఏమవుతుందని తేలిగ్గా తీసుకోవద్దు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. దూబగుంట ఆడవాళ్లు రాత్రి తరగతుల్లో సారా వల్ల నాశనమైన కుటుంబం పాఠం చదివారు. చదివి ఊరుకోలేదు. సారా దుకాణం మూయించారు. ఆ సెగ రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. ఒక రాత్రి బడి పాఠం ప్రభుత్వాన్ని కదిలించింది.

మన దీన్‌లో మొదటి వహీయే చదవమనే ఆదేశంతో మొదలైంది. బద్ర్ యుద్ధంలో పట్టుబడినవాళ్లలో చదువు వచ్చినవాళ్లు మదీనాలో పదేసి మందికి చదవడం, రాయడం నేర్పితే అదే వాళ్ల విడుదలకి పరిహారంగా తీసుకున్నారని సీరత్ పుస్తకాల్లో ఉంది. నేర్పేవాడు ఎవరన్నది అడ్డు కాలేదు. మనకి సాయం చేసే క్లబ్బులో ఏ మతం వాళ్లున్నారన్నది కూడా అడ్డు కాకూడదు. జలంధర్‌లో జాకిర్ సాహెబ్‌ని కాపాడిన చేతులు ఎవరివో గుర్తుంచుకోండి.

ఒక్కో ఇంటి నుంచి నెలకి చిన్న చందా. క్లబ్బు నుంచి అద్దాలు, పుస్తకాలు. కాలేజీ పిల్లల నుంచి వారానికి నాలుగు గంటలు. ఏడాది తిరిగేసరికి మన వీధిలో వేలిముద్ర వేసే ఒక్క పెద్దావిడైనా, కాగితం చదివి, అర్థమయ్యాక సంతకం పెడితే అది జాకిర్ సాహెబ్ మొదలుపెట్టిన పనికి కొనసాగింపే. అల్లాహ్ ఆయనకి మగ్‌ఫిరత్ ప్రసాదించుగాక, మనకి తౌఫీఖ్ ఇచ్చుగాక. ఆమీన్.